ఒళ్ళో పొంగిన పిండి

రొట్టెల మేస్త్రికి చలి పడదు. ఈ సంగతి ఆయన పుట్టి పెరిగిన ఊళ్ళో అందరికీ తెలుసు. సముద్రం పక్కనున్న ఆ ఊళ్ళో ఎండాకాలం వస్తే కాకులు కూడా నీడ కోసం పోట్లాడుకుంటాయి. అలాంటి ఎండలో, రొట్టెలు కాల్చే బట్టీ ముందు ముప్ఫై ఏళ్ళు నిలబడి, ఇంటికి రాగానే "కాస్త వేడినీళ్ళు పెట్టవే, స్నానం చేస్తాను" అనే మనిషి ఆయన. వానాకాలంలో రెండు చినుకులు రాలితే చెవులకు మఫ్లరు చుట్టేవాడు. "నువ్వు మనిషివి కాదురా, రొట్టెవి. కాలితేగాని నీకు సుఖం లేదు" అని ఎగతాళి చేసేది ఆయన అక్కయ్య.

అలాంటివాడు యాభై మూడో ఏట కొండమీది చలి ఊరికి కాపురం మార్చాడంటే ఎవరూ నమ్మలేదు. కారణం మాత్రం చాలా మామూలుది. భార్య.

నలభై తొమ్మిదో ఏట ఆవిడ ఒంట్లో ఎవరో బట్టీ రాజేశారు. కూరగాయలు తరుగుతూ తరుగుతూ ఉన్నట్టుండి మొహం ఎర్రబడేది, మెడ మీద చెమట ధార కట్టేది, కత్తిపీట వదిలేసి వెళ్ళి కుళాయి కింద తల పెట్టేది. అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ మామూలు మనిషి. రోజుకి ఆరుసార్లు, ఎనిమిదిసార్లు. లేడీ డాక్టరు చూసి, "ఇది జబ్బు కాదమ్మా, వయసు. రెండేళ్ళో మూడేళ్ళో ఉంటుంది, అదే పోతుంది" అని పంపించేసింది. అదే పోతుందని చెప్పడానికేం, ఎవరైనా చెబుతారు. పోయేదాకా మోయాల్సింది ఆ చెప్పినవాళ్ళు కాదు కదా.

పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో ఆవిడ నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగిన గుర్తు మేస్త్రికి లేదు. ఒకరోజు అడిగింది. "ఏమండీ, మనం కొన్నాళ్ళు కొండమీది ఊళ్ళో ఉందామా? ఈ ఒంటి వేడి నావల్ల కావడం లేదు."

మేస్త్రి వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు తనని తాను కాస్త మెచ్చుకున్నాడు కూడా. "నీ వేడి తగ్గగానే దిగొచ్చేద్దాం మరి" అన్నాడు. "సరే" అందావిడ. వాళ్ళ ఒప్పందం అంతే. కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగంలో కుదురుకుంది గనక అడ్డు చెప్పేవాళ్ళూ లేరు.

అడ్డు చెప్పింది అక్కయ్య ఒక్కతే. ఆయన బేకరీ నడిచేది ఆవిడ ఇంటి కింది గదిలోనే. బావగారు పోయాక ఆ ఇల్లంతా ఆవిడదే. "వయసు మీద పడుతుంటే వెచ్చటి చోటు వెతుక్కుంటారు గాని, ఎదురెళ్ళి చలిలో పడతారట్రా? పెనం మీంచి పొయ్యిలో పడడం విన్నాను గాని, పొయ్యిలోంచి మంచులో పడడం నీ దగ్గరే చూస్తున్నా" అంది. తిట్టి తిట్టి, చివరికి బేకరీ తాళాలు తన దగ్గర పెట్టుకుంది. "బట్టీని ఎవర్నీ ముట్టుకోనివ్వను. తొందరగా వచ్చెయ్యండి" అని పంపించింది. ఆ బట్టీ మేస్త్రి ఇటుక ఇటుకా తన చేత్తో పేర్చుకున్నది. బయల్దేరేరోజు దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

కొండమీది ఊళ్ళో వాళ్ళకి దొరికింది ఒక వీధి మలుపులో రెండు గదుల ఇల్లు, ఎదురుగా రేకుల షెడ్డు, షెడ్డులో పాత కట్టెల బట్టీ. ఊరు బాగానే ఉంది. మనుషులూ మంచివాళ్ళే. కానీ మేస్త్రి పిండి ఆ ఊరికి ఒప్పుకోలేదు.

ఆయన పద్ధతి పాతది. కొన్న ఈస్టు మీద నమ్మకం లేదు. నిన్నటి పిండిలోంచి పిడికెడు ముద్ద తీసి దాచి, పొద్దున్నే దానికి కాస్త మైదా, కాసిని నీళ్ళు కలిపి పొంగనిచ్చి, అది పొంగాక దాంతో మిగతా పిండంతా కలుపుతాడు. వేడి ఊళ్ళో ఆ ముద్దని ఎక్కడ పెట్టినా గంటన్నరలో గిన్నె మూత తన్నేసేది. ఇక్కడ మూడు గంటలైనా బద్ధకంగా పడుకుని ఉండేది. బట్టీ పక్కన పెడితే ఒక వైపు పొంగి ఇంకో వైపు ముడుచుకునేది. దుప్పట్లు కప్పాడు, వేణ్ణీళ్ళలో గిన్నె పెట్టాడు, బతిమాలాడు, తిట్టాడు. మొదటి వారం వచ్చిన బన్నులతో గోడకి మేకులు కొట్టొచ్చు. ఒక లారీ డ్రైవరు ఒకటి కొరికి చూసి, మర్యాదగా జేబులో వేసుకుని, "మా చక్రాల కింద పెట్టుకోడానికి పనికొస్తుంది మేస్త్రీ" అన్నాడు.

ఎనిమిదోరోజు పొద్దున మేస్త్రి గిన్నె పట్టుకుని ఇంట్లోకొచ్చి, ఎక్కడ పెట్టాలో తోచక, కిటికీ దగ్గర కూర్చున్న భార్య ఒళ్ళో పెట్టి కండువా వెతుక్కోడానికి లోపలికి వెళ్ళాడు. ఆవిడ అప్పటికే స్వెట్టర్లు కుట్టే వర్క్‌షాపు వాళ్ళ దగ్గర బొత్తాలు కుట్టే పని పట్టింది. మంచులాంటి గాలి కొడుతున్నా కిటికీ బార్లా తెరిచి, పల్చటి చీరలో, సుఖంగా కూర్చుని కుడుతోంది. అప్పుడే ఆవిడకి వేడి ఆవిరి వచ్చింది. కండువా దొరక్క మేస్త్రి బీరువా అంతా తిరగేసి తిరిగొచ్చేసరికి గిన్నెలో పిండి కదిలింది. నమ్మలేక వేలితో నొక్కి చూశాడు. ప్రాణం వచ్చింది.

"కదలకు!" అని అరిచాడు.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. నువ్వు మాత్రం కదలకు."

ఆ రోజు నుంచి అదే పద్ధతి అయిపోయింది. పొద్దున ఆరింటికి గిన్నె శాలువాలో చుట్టి ఆవిడ ఒళ్ళో పెట్టడం, ఏడున్నరకి పొంగిన పిండి తీసుకుని షెడ్డుకి పరుగెత్తడం. ఆవిడ బొత్తాలు కుట్టుకుంటూ గిన్నెని కాచుకునేది. వీధిలోవాళ్ళు కిటికీలోంచి చూసి, "బొత్తాలక్క పొదుగుతోంది, పిల్లలెప్పుడు లేస్తారో" అని నవ్వేవాళ్ళు. బన్నులు మెత్తబడ్డాయి. సాయంత్రం నాలుగింటికల్లా షెడ్డు ముందు జనం చేరేవారు.

చలి ఊళ్ళో జనం చేరితే ఊరికే వెళ్ళరు. బట్టీ వేడికి చేతులు చాపుకుని కబుర్లు మొదలెడతారు. ఈ చలిలో ఎందుకుంటున్నారని అడగడం మేస్త్రికి అలవాటయింది. పశువుల డాక్టరు దోమల గొడవ లేదన్నాడు. బడి టీచరమ్మ తిండి బాగా అరుగుతుందంది. ఊపిరితిత్తుల కోసం అన్నాడు రిటైరైన ఇంజనీరు, సిగరెట్టు ముట్టించుకుంటూ. అయితే బన్ను తినడం అయ్యేసరికి అసలు సంగతి మెల్లిగా బయటికొచ్చేది. డాక్టరుగారికి కింద ఊళ్ళో ఆయనతో మాటలు మానేసిన అన్నగారున్నారు. టీచరమ్మకి ఇక్కడైతే ఎవరూ పెళ్ళి సంగతి అడగరు. ఇంజనీరు పెళ్ళాం ఈ ఊళ్ళోనే పోయింది, అందుకని ఆయన కదలడు. చలికోసం చలిలో ఉన్నవాడు ఒక్కడూ మేస్త్రికి కనిపించలేదు. "మరి మీరెందుకొచ్చారు?" అని వాళ్ళడిగితే మాత్రం "మా ఆవిడ ఆరోగ్యం" అని ఠక్కున చెప్పేవాడు. ఆయన దగ్గర దాచింది ఏమీ లేదు మరి.

దాచలేదు గాని, చలికి ఆయన మాత్రం నానా యాతనా పడ్డాడు. పొద్దున లేవగానే వేళ్ళు వంగేవి కావు. రెండు స్వెట్టర్లు, మఫ్లరు, మంకీ టోపీ పెట్టుకుని షెడ్డుకి వెళ్ళేవాడు. ఆవిడ బాధపడుతుందని ఆవిడ ఎదురుగా మాత్రం, "అబ్బ, ఏం గాలే, ప్రాణం లేచొస్తోంది" అనేవాడు, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే. నిండా మునిగాక ఇక చలేమిటని తనకి తాను చెప్పుకునేవాడు. మునిగాడు, చలి మాత్రం తగ్గలేదు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు తన బట్టీని ఒకసారి తలుచుకునేవాడు.

రెండేళ్ళు గడిచాయి.

ఒక గురువారం అక్కయ్య ఫోను చేసింది. "ఒరేయ్, కింది గది మందుల షాపు వాళ్ళు అడుగుతున్నారు. మంచివాళ్ళు. కానీ ఆ బట్టీ పగలగొడతారట. మీరొచ్చేట్టయితే వద్దని చెప్పేస్తాను. ఆదివారంలోగా ఏదో ఒకటి తేల్చు. మరదలి ఒళ్ళెలా ఉంది?"

"ఇంకా వేడి అలాగే ఉందక్కయ్యా" అన్నాడు మేస్త్రి. అని ఆగాడు. ఎందుకంటే కొన్నాళ్ళుగా పిండి ఆయనకి వేరే సంగతి చెబుతోంది.

ముప్ఫై ఏళ్ళు పిండి పిసికినవాడి వేలికి థర్మామీటరు అక్కర్లేదు. మనిషి ఒంటి వేడికి పిండి నాలుగు పక్కలా సమంగా పొంగుతుంది. ఈ మధ్య ముద్ద అడుగున వేడిగా, పైన చల్లగా ఉంటోంది. అడుగు పొర కాస్త పుల్లబడుతోంది. మొదట శాలువా సరిగా చుట్టలేదేమో అనుకున్నాడు. తర్వాత అనుకోవడం మానేసి ఊరుకున్నాడు.

శుక్రవారం పొద్దున గిన్నె ఆవిడకిచ్చి షెడ్డుకి బయల్దేరినవాడు, అగ్గిపెట్టె మర్చిపోయానని సగం దారిలోంచి వెనక్కొచ్చాడు. కిటికీ మూసి ఉంది. పగటిపూట ఆ కిటికీ మూసి ఉండగా ఆయన ఈ రెండేళ్ళలో చూడలేదు. అద్దంలోంచి చూస్తే ఆవిడ ఆయన పాత స్వెట్టరు ఒకటి, తన స్వెట్టరు ఒకటి వేసుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని, గడగడ వణుకుతూ కెటిల్లోంచి రబ్బరు సంచీలోకి వేణ్ణీళ్ళు పోస్తోంది. సంచీ బిరడా బిగించి ఒళ్ళో పెట్టుకుంది. దాని మీద గిన్నె పెట్టుకుంది. పైన శాలువా కప్పుకుంది. దొంగతనం చేసే మొహం ఆవిడకి ఎన్నడూ లేదు, ఇప్పుడూ సరిగా కుదరలేదు.

మేస్త్రి చప్పుడు చెయ్యకుండా పది అడుగులు వెనక్కి నడిచాడు. అక్కణ్ణుంచి గట్టిగా దగ్గుతూ, చెప్పులు ఈడుస్తూ, నిదానంగా వచ్చాడు. తలుపు తీసేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంది. ఆవిడ పల్చటి చీరలో కూర్చుని బొత్తాం కుడుతోంది. మఫ్లరు కొస మాత్రం కుర్చీ కిందినుంచి బయటికి కనిపిస్తోంది. "అగ్గిపెట్టె" అన్నాడు. తీసుకుని వెళ్ళిపోయాడు.

షెడ్డులో కూర్చుని ఆలోచించాడు. పాపం, వేడి ఎప్పుడో తగ్గిపోయింది. తను రోజూ 'ఏం గాలి, ఏం గాలి' అని ఊదరగొట్టేసరికి, ఆయనకి ఈ ఊరు నచ్చింది కాబోలు, బేకరీ కూడా బాగా సాగుతోంది, ఇప్పుడు వెళ్దామంటే బాధపడతాడేమో అని చలిలో వణుకుతూ నటిస్తోంది. నా కోసం! ఇలా అనుకోగానే ఆయనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీళ్ళతో పాటు ఒక సంతోషం కూడా పొంగుకొచ్చింది. ఆ సంతోషంలో సముద్రపు ఎండ ఉంది, తన బట్టీ ఉంది. ఎవరికి కావలసింది వాళ్ళకి కనిపిస్తుంది. మేస్త్రికి అదే కనిపించింది.

శనివారమంతా ఆ సంతోషాన్ని దాచుకుని తిరిగాడు. ఆదివారం పొద్దున గిన్నె ఇవ్వకుండా, ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇంక నువ్వు కష్టపడక్కర్లేదు. నేను చూశాను" అన్నాడు నవ్వుతూ. "రబ్బరు సంచీ చూశాను, స్వెట్టర్లు చూశాను. పిచ్చిదానా, నాతో చెప్తే నేనేమన్నా అంటానా? నాకు మాత్రం ఈ చలి పడి చచ్చిందా? సామాన్లు సర్దుకో. వచ్చేస్తున్నామని అక్కయ్యకి ఇప్పుడే చెప్పేస్తాను."

ఆవిడ మొహం వెలుగుతుందని చూశాడు. వెలగలేదు. చేతిలోని సూది అలాగే ఆగిపోయింది.

"వేడి తగ్గి అయిదు నెలలైంది" అందావిడ.

"అదే అంటున్నా. ఇన్నాళ్ళూ చెప్పకపోతే ఎలా?"

"చెప్తే దిగిపోవాలి కదా."

మేస్త్రికి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. ఆవిడ మళ్ళీ అదే మాట అంది, ఈసారి ఇంకాస్త మెల్లగా.

"నీకు ఇక్కడ ఉండాలని ఉందా? ఆ వణుకుతోనా?"

"ఆ వణుకుతోనే."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను?" ఆవిడ తలెత్తింది. "ఒంట్లో వేడి అన్నాను, తీసుకొచ్చారు. కాదనను, వేరే ఎవరైనా తీసుకొచ్చేవాళ్ళు కాదేమో. కానీ ఊరికే, ఇష్టంగా ఉంది అక్కడ ఉందాం అంటే తెచ్చేవారా? నిజం చెప్పండి."

మేస్త్రి నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఏం చెప్పాలో ఆయనకి తెలుసు. తెచ్చేవాడు కాదు. నవ్వి, "ఇష్టమైతే రెండు రోజులు చూసొద్దాంలే" అనేవాడు.

"జబ్బుంటే ఆడదాని మాట నలుగురూ వింటారండీ. జబ్బు తగ్గితే ఆ మాటా తగ్గిపోతుంది. అందుకని తగ్గనివ్వలేదు."

ఆవిడ కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. అదే మేస్త్రికి ఎక్కువ తగిలింది.

"ఇంతకీ ఏముందే ఈ ఊళ్ళో?" అన్నాడు చివరికి. వాదనకి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

ఆవిడ బొత్తాలు ఒకచోటికి కుప్ప చేసింది, మళ్ళీ చెదరగొట్టింది. "నవ్వకండి" అంది.

"నవ్వను."

"అక్కడ ఎప్పుడూ ఉక్కే కదా. ఇరవయ్యారేళ్ళు మీరు మేడమీద పడుకున్నారు, నేను కింద ఫాను దగ్గర పడుకున్నాను. పిల్ల పుట్టాక మరీను. తప్పని అనడం లేదు, ఆ ఉక్కలో ఎవరు మాత్రం ఎవరి పక్కన పడుకుంటారు? చెయ్యి తగిలితే అబ్బ, జరుగు అనేవారు. నేనూ అనేదాన్ని. ఇక్కడికొచ్చిన మొదటి రాత్రి మీకు చలేసి నా వైపు జరిగారు. నా ఒళ్ళు అప్పుడు కాలిపోతోంది, అయినా ఊరుకున్నాను." బొత్తాం ఒకటి వేళ్ళ మధ్య తిప్పింది. "అప్పట్నుంచీ రోజూ జరుగుతూనే ఉన్నారు. నిద్రలో నా చెయ్యి వెతుక్కుంటారు, మీకు తెలీదు. కిందికి దిగితే మళ్ళీ మేడ ఎక్కుతారు. నాకు యాభై ఒకటి. ఇంకా ఎన్నేళ్ళుంటాయి?"

మేస్త్రి నవ్వలేదు. ఆయనకి నవ్వు రాలేదు. రెండేళ్ళుగా ప్రతి రాత్రీ భార్య పక్కన పడుకుని, ఆ చలిని తిట్టుకుంటూ, వేడి ఊళ్ళోని ఇటుకల్ని తలుచుకుంటూ నిద్రపోయాడు తను. పక్కనే ఈవిడ మెలకువగా ఉండి, ఇది ఎన్నాళ్ళుంటుందో అని లెక్కపెట్టుకుంది. ఇంత దగ్గరగా ఉండి ఇంత తెలియకుండా ఎలా ఉన్నానా అని ఆయనకి సిగ్గేసింది. లేచి కిటికీ మూశాడు. కుర్చీ వెనక వేలాడుతున్న స్వెట్టరు తీసి ఆవిడకి తొడిగాడు. చిన్నపిల్లకి తొడిగినట్టు ఒక్కో చెయ్యీ పట్టుకుని తొడిగాడు.

"వేళ్ళు పట్టేస్తాయి నాకు ఇక్కడ" అన్నాడు, ఫిర్యాదులా.

"తెలుసు. రోజూ చూస్తున్నాను. అందుకే అడగలేకపోయాను" అందావిడ. ఆయన వేళ్ళు రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలెట్టింది.

అలా ఉండగానే ఫోను మోగింది. అక్కయ్య ఆదివారమంటే ఆదివారమే. మేస్త్రి ఒక చెయ్యి భార్యకి వదిలేసి, రెండో చేత్తో ఫోను తీశాడు.

"తేల్చావా?" అంది అక్కయ్య.

"తేల్చానక్కయ్యా. మందుల షాపు వాళ్ళకి ఇచ్చెయ్యి."

"బట్టీ పగలగొడతారురా."

"కొట్టనీ."

"అయ్యో రామా! దాని ఒళ్ళు ఇంకా కుదుటపడలేదా?"

పడలేదు అంటే సరిపోతుంది. అక్కయ్య జాలిపడుతుంది, ఊరుకుంటుంది, అడిగినవాళ్ళకి అదే చెబుతుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన వేళ్ళు రుద్దుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఒళ్ళు బాగానే ఉందక్కయ్యా. తగ్గి అయిదు నెలలైంది."

"మరింకేం రోగంరా దిగి రావడానికి?"

"రోగం ఏమీ లేదు. దానికి ఇక్కడ ఉండడం ఇష్టం. అంతే."

అక్కయ్య తిట్లు వెతుక్కుంటోందనుకుని మేస్త్రి ఫోను చెవికి కాస్త ఎడంగా పెట్టుకున్నాడు.

"ఇష్టమని అదే చెప్పిందా?" అంది అక్కయ్య.

"అదే చెప్పింది."

"నోరు తెరిచి?"

"నోరు తెరిచే."

"మంచి పని చేసింది" అంది అక్కయ్య. ఆ గొంతు మేస్త్రి ఎప్పుడూ విన్నది కాదు. "నాకూ ఈ ఉక్క ఒక్కరోజు కూడా పడలేదురా. మీ బావ ఇల్లు ఇక్కడ కట్టారు, ఉన్నాను. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు." వెంటనే, "ఫోను దానికియ్యి, నేను మాట్లాడాలి" అంది.

మేస్త్రి ఫోను భార్య చెవికి ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ రెండు చేతులూ ఆయన చేతి మీదే ఉన్నాయి.